కరెంటు పొయ్యి: కనబడు వేడిమి, కనబడని విద్యుత్తు

ఇల్లెందు పరిసరములలో బొగ్గుపొరలు గలవని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో గుర్తించిన పిమ్మట, 1889లో అచ్చట గనిత్రవ్వకము మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడి, మరి నలుబదియేండ్లకు పైగా గడచిన తరువాత పాల్వంచయొద్ద ఆ గనుల బొగ్గుతోను కిన్నెరసాని నీటితోను కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రము నడువనారంభించినది. నేడు మణుగూరు చెంత భద్రాద్రి విద్యుత్కేంద్రము 1080 మెగావాట్ల శక్తితో నిలిచియున్నది. ఒకప్పుడు ఈ ఊళ్లతోపాటు ఖమ్మము జిల్లాలోనే యుండి, 2014 రాష్ట్రవిభజన సందర్భమున తూర్పుగోదావరి జిల్లాలో కలుపబడిన మోతుగూడెము ప్రాంతమున దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము 460 మెగావాట్లది. ఇంత విద్యుత్తు పుట్టుచున్న ఈ భద్రాచలప్రాంతపు అడవి యంచున, గని కాలనీల క్వార్టర్లలోను, భద్రాచలపు అద్దెగదులలోను, సారపాక, అశ్వాపురము వంటి ఊళ్లలోను గ్యాసు పొయ్యి ప్రక్కనే మరియొక పొయ్యి తరచుగా కానవచ్చును. దానిని కొందరు హీటరందురు, కొందరు కరెంటు పొయ్యి యందురు. గాడులు గల మట్టిపలక, ఆ గాడులలో చుట్టలుగా తిరిగిన తీగ, క్రింద ఇనుప పెట్టె, దానికొక వైరు, వైరునకొక ప్లగ్గు: ఇంతియే దాని సామగ్రి. ఇంత సులభమైన సాధనమగుట చేతనే అది చెడినప్పుడు విప్పి చూచుటకు ఎవరును వెనుదీయరు. విప్పినవారిలో పెక్కురు తెగిన చుట్టను చూతురే కాని, ఆ చుట్టకు విద్యుత్తు వచ్చు దారిని, వచ్చిన విద్యుత్తు తప్పినచో పోవు దారిని చూడరు. ఎర్రగా కాగిన చుట్టను చూచి పసిబిడ్డయు చేయి వెనుకకు తీసికొనును. ప్రాణములు తీయునది ఆ యెరుపు కాదు. ప్లగ్గులోను, స్విచ్చిలోను, ఇంటి వెనుక నేలలోను దాగియున్న దోషములే తీయును. పొయ్యి మరమ్మతును గూర్చి వ్రాయదలచినవాడు మొదట చెప్పవలసినది ఇదియే యని నా నిశ్చయము.

చుట్టతీగ నిక్రోము అను మిశ్రలోహము. ఎర్రగా కాగియు గాలిలో మాడిపోక, మాటిమాటికి కాగుటకును చల్లారుటకును ఓర్చుకొనునట్టి చవుకయైన తీగ కొరకు పూర్వులు పెక్కు ప్రయత్నములు చేసిరి. నికెలు నాలుగు పాళ్లు, క్రోమియము ఒక పాలు చొప్పున కలిపిన లోహమునకు 1906లో ఆల్బర్ట్ మార్ష్ అను అమెరికా దేశీయుడు పేటెంటు పొందిన తరువాతనే ఇంటింటికి విద్యుత్ పొయ్యి, ఇస్త్రీపెట్టె చేరుట సాధ్యమైనది. రాగి కంటె ఈ లోహము విద్యుత్ప్రవాహమును అరువది రెట్లకు పైగా నిరోధించును. ఎంత నిరోధమున్నదో దానిని ప్రవాహవర్గముచే గుణించినంత వేడిమి పుట్టునని జేమ్స్ జౌల్ పందొమ్మిదవ శతాబ్ది నడుమ నిరూపించిన సూత్రమే ఈ పొయ్యికి ప్రాణము. కాగిన నిక్రోము ఉపరితలమున క్రోమియము ఆక్సైడు పొర పలుచగా కట్టి, లోపలి లోహమునకు గాలి సోకనీయక కాపాడును. ఈ పొరను గూర్చి పాఠకులు గుర్తుంచుకొందురు గాక; చుట్టను కాపాడునదియు, తెగిన చుట్టను అతికినప్పుడు ఆ యతుకును చెరచునదియు ఇదియే.

మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. 2000 వాట్ల పొయ్యి 8.7 ఆంపియర్ల ప్రవాహమును గ్రహించును. దాని చుట్ట నిరోధము ఇంచుమించు 26 ఓములు. 1000 వాట్ల పొయ్యికి ఈ నిరోధము 53 ఓములు. ఈ రెండంకెలు తెలిసిన యెడల, ఒక మామూలు మల్టీమీటరు చేతనున్నవాడు పొయ్యిని విప్పకయే, ప్లగ్గును గోడనుండి ఊడబెరికి, స్విచ్చి యున్నచో దానిని వేసి, ప్లగ్గు రెండు సన్నని పిన్నుల నడుమ మీటరు ముండ్లుంచి రోగమును చాలవరకు కనుగొనగలడు. చల్లగా నున్న తీగ నిరోధము లెక్కకంటె కొంచెము తక్కువగా కనబడుట సహజము. మీటరు ఏమియు చూపని యెడల దారి ఎక్కడనో తెగినది: చుట్టయైనను కావచ్చును, వైరైనను కావచ్చును, ప్లగ్గులోని మరయైనను కావచ్చును. 26కు బదులు రెండు మూడు ఓములు చూపిన యెడల రెండు వైర్లు ఎక్కడనో ఒకదానినొకటి తాకుచున్నవి; అట్టి పొయ్యిని తిరిగి ప్లగ్గునకు పెట్టి చూతమను కుతూహలము కూడదు.

పొయ్యి సరిగా కాగుట లేదను ఫిర్యాదు వేరు. ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగా, పొడవైన లైను చివరనున్న గూడెములలో సాయంకాలము అందరి మోటార్లు, దీపములు ఒక్కసారి పనిచేయునప్పుడు వోల్టేజి 180కి దిగుట అరుదు కాదు. వోల్టేజి అయిదవ వంతు తగ్గిన మాత్రమున వేడిమియు అయిదవ వంతే తగ్గునని తలచుట పొరపాటు. వేడిమి వోల్టేజి వర్గముననుసరించును గాన, 2000 వాట్ల పొయ్యి 180 వోల్టులయొద్ద ఇంచుమించు 1225 వాట్లే యిచ్చును. అన్నము ఉడుకుటకు అరగంటకు బదులు ముప్పాతికగంట పట్టగా గృహిణి పొయ్యిని నిందించును. మెకానిక్ కడకు కొనిపోగా అతడు చుట్టను పొట్టిచేసి, బాగుగా కాగునట్లు చేసి యిచ్చును. ఆ రాత్రి కాగును. తెల్లవారుజామున ఊరంతయు నిద్రించుచుండగా వోల్టేజి తిరిగి 230కి చేరినప్పుడు ఆ పొట్టి చుట్ట తన శక్తికి మించి కాగి తెగును. కావున పొయ్యి మందగించినదని తోచినప్పుడు మొట్టమొదట కొలువవలసినది చుట్టను కాదు, సాకెట్టులోని వోల్టేజిని. అదియు పొయ్యి పనిచేయుచుండగా, తెలిసినవానిచేత.

ఇక తెగిన చుట్ట సంగతి. బల్లమీద బోర్లించి విప్పిన హీటరును దగ్గరగా చూచినచో, తీగ తెగిన చోటు సాధారణముగా గాడి నడుమ గాక, చుట్ట కొస పలక రంధ్రము గుండ క్రిందికి దిగి మరకు చేరు తావున నుండును. అచ్చట తీగ నల్లబడి, పెళుసై, వ్రేలితో తాకినంతనే పొట్టుగా రాలును. మర వదులగుటచే సంపర్కము చెడి, ఆ చిన్న చోటనే అధికమైన వేడిమి పుట్టి తీగను తినివేసినదని దాని యర్థము. అట్టి పొయ్యికి క్రొత్త చుట్ట వేసి పాత మరనే యుంచినచో క్రొత్త చుట్టయు అచ్చటనే తెగును. ఇత్తడి మరను, దాని క్రింది వాషరును, పింగాణీ కనెక్టరును కూడ మార్చవలెను. చుట్ట నడుమ తెగిన యెడల రెండు కొసలను మెలివేసి అతుకుట మన బజారులలో నిత్యకృత్యము. అతుకుటకై చుట్టలో పదవ వంతు పోయినదనుకొందము: నిరోధము పదవ వంతు తగ్గి, 2000 వాట్ల పొయ్యి 2220 వాట్లకు పైబడును. అంతకంటెను ముఖ్యమైనది అతుకు సంగతి. నిక్రోము కొసలపై ముందుగనే యున్న ఆక్సైడు పొర విద్యుత్తును సరిగా పారనీయదు. గరుకు కాగితముతో గీకి మెలివేసినను, ఎర్రగా కాగిన మొదటి గంటలోనే మెలిక సందులలో పొర తిరిగి కట్టును. అచ్చట మినుకుమినుకుమని నిప్పురవ్వలు లేచును. అతికిన చుట్ట కొన్నాళ్లు పనిచేయుట నిజమే కాని, క్రొత్త చుట్ట వెల అతి స్వల్పము. పొయ్యి వాట్లకు సరిపోయిన చుట్టను, దుకాణములో ఒకసారి మీటరు పెట్టి నిరోధము చూపించుకొని, కొనితెచ్చుటయే యుక్తము. కొన్న చుట్టను గాడిలో అంతటను సమముగా సాగదీయవలెను. ఒకచోట కిక్కిరిసి మరియొకచోట పలుచబడిన చుట్టలో, కిక్కిరిసిన భాగము తన వేడిమిని వెలికి పంపలేక ముందుగా మాడును.

పాలు పొంగినప్పుడు, గంజి పొర్లినప్పుడు సంభవించునది వేరొక దోషము. గంజిలోని పిండి పదార్థము కాగిన పలకపై మాడి బొగ్గగును. బొగ్గు విద్యుత్తును పారనిచ్చునది. పలక గాడినుండి అంచున నున్న ఇనుపపెట్టె వరకు ఆ నల్లని చారిక ప్రాకినచో, అంతవరకు కేవలము పెట్టెగా నున్నది విద్యుత్తుగల లోహమగును. అందుచేత పొంగిన పిమ్మట పైపైన తుడిచి ఊరకుండరాదు. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, చుట్టను పైకెత్తి, పొడి కుంచెతో గాడులను శుభ్రపరుపవలెను. చారిక పలకలోనికి ఇంకిన యెడల పలకనే మార్చవలెను. తడిగుడ్డతో తుడిచి వెంటనే వెలిగించుట మరింత ప్రమాదము, ఏలయన రంధ్రములుగల ఆ మట్టి నీటిని పీల్చి చాలసేపు విడువదు.

ప్లగ్గును గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. మన దేశమున రెండు పరిమాణముల మూడుపిన్నుల ప్లగ్గులు గలవు: 6 ఆంపియర్లది చిన్నది, 16 ఆంపియర్లది పెద్దది. 2000 వాట్ల పొయ్యికి చిన్న ప్లగ్గును బిగించుట, లేక పెద్ద ప్లగ్గును ఒక అడాప్టరు మూలముగా చిన్న సాకెట్టులో దూర్చుట సర్వత్ర కనబడు దురభ్యాసము. పిన్ను, దానిని పట్టియుంచు ఇత్తడి రేకు సరిగా కలియనిచోట అర ఓము నిరోధము పుట్టినదనుకొందము, 8.7 ఆంపియర్ల ప్రవాహమునకు అచ్చట దాదాపు 38 వాట్ల వేడిమి పుట్టును. గోళీయంత చోట, గాలియాడని ప్లాస్టిక్కు నడుమ, అది మండుటకు చాలినంత వేడిమి. ముందుగా ప్లగ్గు గోధుమవర్ణమునకు తిరుగును. పిదప చేపకంపు వంటి యొక వాసన వచ్చును. ఆ వాసన వచ్చిన వంటయింటిలో చేపలు లేనియెడల సాకెట్టు కాలుచున్నదని తెలిసికొనవలెను. ఇందులో మెకానికులు సయితము తరచుగా విస్మరించు సంగతి యొకటి యున్నది. వేడెక్కిన ఇత్తడి రేకు తన బిగువును శాశ్వతముగా కోల్పోవును. మాడిన ప్లగ్గును మాత్రమే మార్చి, పాత సాకెట్టులోనే దూర్చినచో, ఆ సడలిన రేకు క్రొత్త పిన్నును కూడ మాడ్చును. రెండింటిని ఒకేసారి మార్చినగాని ఈ రోగము పోదు. పొయ్యికి వాడు వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని రాగిది, వేడికి ఓర్చు పై తొడుగు గలది, మూడు పోగులది కావలెను. గోడలోని తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లదై, ఆ సాకెట్టునకు ప్రత్యేకముగా వచ్చుట మేలు.

స్విచ్చి ఆపితిమి గదా, ఇక భయమేమని పొయ్యిపై చేయి వేయువారు పెక్కురు. ఇచ్చటనే అత్యంత గూఢమైన ప్రమాదమున్నది. ఒంటి స్విచ్చి ఫేజు, న్యూట్రల్ అను రెండు తీగలలో ఒకదానినే తెంచును. అది ఫేజు తీగను తెంచినచో చుట్టలో విద్యుత్తుండదు. వైరింగు చేసినవాడు తారుమారుగా కలిపి, స్విచ్చిని న్యూట్రల్ తీగలో పెట్టిన యెడల, ఆపినప్పుడు ప్రవాహము నిలుచును, ఎరుపు తగ్గును, పొయ్యి చల్లారును. చుట్ట మాత్రము ఆసాంతము 230 వోల్టులకు లోబడియే యుండును. చల్లారిన ఆ చుట్టను తడిచేతితో సర్దినవాడు, లేక పాలగిన్నె స్టీలు అంచు చుట్టకు తాకునట్లు పెట్టినవాడు, మట్టినేలపై చెప్పులు లేక నిలిచియున్నచో, అతని దేహమే న్యూట్రల్ అగును. మానవదేహపు నిరోధమును స్థూలముగా వెయ్యి ఓములని గ్రహించిన యెడల, 230 మిల్లీ ఆంపియర్లు అతని గుండ పారును; గుండెలయ తప్పుటకు అందులో సగము చాలును. రెండుపిన్నుల ప్లగ్గును తలక్రిందులుగా దూర్చినను ఇదే ఫలము. అందుచేత పొయ్యికి సంబంధించిన యే పనికైనను మొదటి మెట్టు స్విచ్చి ఆపుట కాదు, ప్లగ్గును ఊడబెరికి, పనిచేయువాని కన్నుల యెదుట, అతని చేతికందు చోట పెట్టుకొనుట. గోడలోనికి శాశ్వతముగా కలిపిన పొయ్యియైనచో మెయిన్ ఆపి, ఎవరును తిరిగి వేయకుండునట్లు ఒక మనిషిని చెంత నిలుపవలెను. జేబులోని టెస్టరు వెలుగలేదని విద్యుత్తు లేదని నమ్మరాదు. దానిలోని నియాన్ దీపము చెడియుండవచ్చును, పట్టపగటి వెలుతురులో కనబడకపోవచ్చును, పొడి చెక్కబల్లపై నిలుచున్నవాని చేతిలో వెలుగకపోవచ్చును. విద్యుత్తున్నదని తెలిసిన చోట ముందుగా ఒకసారి, పరీక్షింపవలసిన చోట ఒకసారి, మరల తెలిసిన చోట ఒకసారి చూచినగాని ఆ పరీక్షకు విలువ లేదు.

మూడవ పిన్ను సంగతికి వత్తము. అది తక్కిన రెండింటికంటె లావుగను పొడవుగను చేయబడినది. ప్లగ్గు దూరునప్పుడు అన్నిటికంటె ముందు కలియుటకును, ఊడునప్పుడు అన్నిటికంటె వెనుక విడిపోవుటకును అట్లు చేసిరి. దాని పని పొయ్యి పెట్టెను నేలతో కలుపుట. చుట్ట పెట్టెకు తాకినచో ప్రవాహము నేలకు పారి ఫ్యూజు పోవునని అందరు చదువుకొన్నదే. ఈ వాక్యము సగము సత్యము. ఎంత ప్రవాహము పారునో నేల చెప్పవలెను. ఇంటి వెనుక ఎర్తు గుంట నిరోధము 5 ఓములైనచో 46 ఆంపియర్లు పారి, 16 ఆంపియర్ల బ్రేకరు కొన్ని క్షణములకో, కొంత ఆలస్యముగనో విడిపోవును. అదే గుంట నిరోధము 40 ఓములైనచో, ఆరు ఆంపియర్లకు లోపుగానే పారును. 16 ఆంపియర్ల బ్రేకరునకు అది ఒక చిన్న యిస్త్రీపెట్టె నడిచినట్లే తోచి, ఎన్నడును విడిపోదు. పొయ్యి పెట్టె గంటల తరబడి రెండువందల వోల్టులకు సమీపముననుండును. ఎర్తు వైరు చక్కగా బిగించియే యున్నది, ప్లగ్గు మూడుపిన్నులదియే, అయినను తాకినవాని గతి అంతే.

ఈ ప్రాంతపు నేలకు ఇది పుస్తకములోని లెక్క మాత్రము కాదు. గోదావరి యొడ్డున ఒండ్రు మట్టిలో పాతిన ఎర్తు గొట్టము ఏడాదిపొడవున చెమ్మ పట్టియుండును. కొద్ది మైళ్లు లోనికి, గుట్టల క్రింద, గులకరాతి మొరము నేలలో పాతిన గొట్టము వైశాఖ జ్యేష్ఠములలో ఎండి, మట్టితో సంబంధమే కోల్పోవును. ఉప్పు, బొగ్గు పొరలు వేసిన గుంటలో కూడ వేసవిలో నీరు పోయకయున్నచో నిరోధము పెరుగుచునే యుండును. ఇంటి గోడ ప్రక్క మూరెడు ఇనుపచువ్వ దిగగొట్టి అదియే ఎర్తు అనుకొనుట, ఎర్తు లేనిచోట సాకెట్టులోనే ఎర్తు పిన్నును న్యూట్రలునకు కలిపి మీటరు పరీక్షను మోసగించుట, ఈ రెండును నేను తీవ్రముగా గర్హించు పనులు. రెండవది మరింత క్రూరము. స్తంభముయొద్ద న్యూట్రల్ తీగ తెగినదనుకొనుడు: ఇంటిలో ఏ దీపపు స్విచ్చి వేసియున్నను, ఆ దీపము గుండ వచ్చిన ఫేజు న్యూట్రలులోనికి, అచ్చటినుండి పొయ్యి పెట్టెకు చేరి, ఏ దోషమును లేని పొయ్యి యొడలంతయు విద్యుత్తుతో నిండును. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు నాలుగు చుట్టలు, క్రింద ఓవెనుగల పెద్ద 240 వోల్టుల విద్యుత్ పొయ్యిలను వాడుదురు. ఆ దేశమున పూర్వము ఇట్టి పొయ్యి పెట్టెను న్యూట్రలునకే కలుపు పద్ధతి చట్టసమ్మతముగ నుండెను. 1996 విద్యున్నియమావళి క్రొత్త వైరింగునకు దానిని నిషేధించి, నాలుగు తీగల ప్లగ్గును విధించినది. పాత యింటిలో మూడుతీగల పొయ్యిగలవారు దానిని మార్చునప్పుడు ఈ సంగతి తెలిసియుండవలెను.

నేల నమ్మదగనిచోట నమ్మదగినది ఆర్‌సీసీబీ అను రక్షణసాధనము. అది భూమి నిరోధముపై ఆధారపడక, ఫేజు తీగలో పోవు ప్రవాహమును న్యూట్రలులో తిరిగివచ్చు ప్రవాహముతో సరిపోల్చుచుండును. రెండు తీగలును ఒక ఇనుప వలయము గుండ పోవును. వచ్చునది పోయినదానికి సమమైనంతకాలము వలయములో అయస్కాంతక్షేత్రము పుట్టదు. 30 మిల్లీ ఆంపియర్లు ఎచ్చటికైన జారిపోయినచో క్షేత్రము పుట్టి, క్షణములో పదింట మూడు వంతుల లోపలనే, అధికమైన లీకునకు అంతకంటెను శీఘ్రముగా, దారి తెంచును. 40 ఓముల గుంటకు ఆరు ఆంపియర్లు పారిన సందర్భమున బ్రేకరు నిద్రించునని చెప్పితిని. ఆర్‌సీసీబీకి అది తన కొలతకు రెండువందల రెట్లు. దీనిపైనున్న పరీక్షాబొత్తామును నెలకొకసారి నొక్కి, అది విడిపోవుచున్నదో లేదో చూడవలెను. పొయ్యి పెట్టినప్పుడెల్ల ఇది పడిపోవుచున్నదని దానిని తీసివేయించి సూటిగా కలిపించుకొనువారున్నారు. అది పడిపోవుటయే పొయ్యి రోగమునకు ఆనవాలు.

ఆ రోగము వానకాలమున హాట్‌ప్లేట్లకు, ఓవెన్లకు, చుట్ట కనబడని పొయ్యిలకు ఎక్కువ. వీనిలో నిక్రోము తీగను లోహపు గొట్టము నడుమ నుంచి, చుట్టును మెగ్నీషియం ఆక్సైడు పొడిని దట్టించి మూయుదురు. పూర్వపు ఇస్త్రీపెట్టెలలోను హాట్‌ప్లేట్లలోను గూడూరు ప్రాంతపు గనులలో దొరకునట్టి అభ్రకపు రేకులే ఈ పనిచేసెడివి. మెగ్నీషియం ఆక్సైడు వేడిమిని చక్కగా పంపును, విద్యుత్తును ఆపును. దాని లోపమొక్కటే, గాలిలోని తేమను పీల్చును. గొట్టము కొసల మూతలు పగిలి, కొన్ని నెలలు వాడక మూలనుంచిన పొయ్యిని శ్రావణమాసపు ముసురులో వెలిగించినచో లీకు ప్రవాహము పుట్టి ఆర్‌సీసీబీ పడును. 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టరుతో చూచినప్పుడు చుట్టకును గొట్టమునకును నడుమ ఒక మెగాఓము కంటె తక్కువ కనబడినచో ఆ పొయ్యిని వాడరాదు. పొడి వేడిమిలో కొన్ని గంటలుంచినచో తేమ వెడలి నిరోధము తిరిగి రావచ్చును. రాని యెడల గొట్టమును మార్చుటయే శరణ్యము. ఉష్ణోగ్రతను అదుపుచేయు థర్మోస్టాటు రెండు లోహముల పట్టీతో పనిచేయును. దాని సంపర్కపు ముండ్లు మాడి అతుకుకొన్నచో పొయ్యి ఆగక కాగుచునే పోవును. దానిని గీకి తిరిగి వాడుట తగదు.

భద్రాచలపువారికి వానకాలమనగా గోదావరియే. నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది యిత్తురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును ఎగసెను. వరద తీసిన యింటిలో బురద కడిగిన పిమ్మట పొయ్యిని ఎండలో పెట్టి, ఎండినదని ప్లగ్గునకు పెట్టుట సాహసము. మట్టిపలకను, చుట్టను మార్చి, పెట్టెను కడిగి ఎండబెట్టిన హీటరు బ్రతుకును. స్విచ్చిలు, సాకెట్లు, బ్రేకర్లు, ఆర్‌సీసీబీ మునిగినచో బ్రతుకవు. వాని లోపలి స్ప్రింగులలోను ముండ్లలోను చేరిన సన్నని ఒండ్రు ఎండిన తరువాత గట్టిపడి, అవసరమైనప్పుడు అవి విడిపోకుండ చేయును. పైకి చక్కగానే కనబడు బ్రేకరు ఇట్లు ఊరక నిలిచిపోవుట వరద తరువాతి నెలలలో తెలియవచ్చును. వానిని క్రొత్తవానితో మార్చవలెను, లైసెన్సుగల వైర్‌మన్ చేత గోడలోని తీగలకు ఇన్సులేషన్ పరీక్ష చేయించవలెను, అప్పుడుగాని మెయిన్ వేయరాదు. వీధిలో తీగ తెగి పడియున్నచో తామే కర్రతో తొలగింపబూనక 1912 నంబరునకు తెలుపవలెను.

ఇండక్షన్ పొయ్యి వేరొక జాతిది. దానిలో కాగు చుట్ట లేదు. గాజుపలక క్రింద రాగితీగ చుట్టలో ఇరువది వేల సార్లకు మించి క్షణమునకు దిశ మారు ప్రవాహము పారి, పైనున్న ఇనుప లేక అయస్కాంతమునకు అంటుకొను స్టీలు గిన్నె అడుగున సుడిప్రవాహములను పుట్టించి, గిన్నెనే పొయ్యిగా చేయును. అల్యూమినియం, ఇత్తడి, రాగి పాత్రలు దీనిపై కాగవు. పొయ్యి పనిచేయుట లేదని తెచ్చినవానిలో కొన్నింటికి దోషము గిన్నెలోనే యుండును. ఒక అయస్కాంతపు ముక్కను అడుగున అంటించి చూచిన తెలియును. కొంతసేపు పనిచేసి ఆగిపోవుచున్నచో క్రింది గాలిసందులు నూనెజిడ్డుతో మూసికొనిపోయినవో, పంకాలో బొద్దింక చిక్కినదో చూడవలెను. ఇంటివారు చేయదగినది ఇంతవరకే. పెట్టె విప్పరాదు. లోపలి కెపాసిటరులో ప్లగ్గు తీసిన తరువాతను 325 వోల్టుల వరకు విద్యుత్తు నిలిచియుండవచ్చును. ప్లగ్గు తీసినచో భయము లేదని ఇంతవరకు నేను చెప్పిన నియమమునకు ఇది యొక్కటే మినహాయింపు. గాజుపలక వెంట్రుకవాసి పగిలినను దానిని వాడరాదు, పొర్లిన పులుసు ఆ చీలిక గుండ విద్యుత్తుగల చుట్టపైకి దిగును.

మరమ్మతు ముగిసిన హీటరును వంటకు పెట్టుటకు ముందు చేయవలసిన పరీక్షలు కొద్దివి. మీటరుతో ఎర్తు పిన్నునకును ఇనుప పెట్టెకును నడుమ చూచినచో అర ఓమునకు మించరాదు. ఫేజు పిన్నునకు పెట్టెకు నడుమ, న్యూట్రల్ పిన్నునకు పెట్టెకు నడుమ ఏమియు కనబడరాదు. వైరును ప్రవేశద్వారముయొద్ద పట్టి మెల్లగా లాగినచో భారము లోపలి మరలమీద గాక క్లాంపు మీద పడవలెను. ఈ మూడును సరిగానున్న పిమ్మట, ఆర్‌సీసీబీ గల సాకెట్టుననే ప్లగ్గును దూర్చి, అడుగు చదునైన గిన్నెలో నీరుపోసి పెట్టి, పొడిచెప్పులు తొడిగికొని స్విచ్చి వేయవలెను. నీరు మరగిన తరువాత స్విచ్చి ఆపి, పొడిచేతితో ప్లగ్గును తీసి, దాని పిన్నులకు చేతివ్రేళ్ల వెనుకభాగమును తాకించి చూడవలెను. గోరువెచ్చగా నున్నచో సరియే. వ్రేలు నిలుపలేనంత వేడిగా నున్నచో చుట్ట ఎంత చక్కగా ఎర్రబడినను మరమ్మతు కాలేదు, సాకెట్టు మార్చవలసియున్నది.